ఆస్టర్ నారు మొదలు దగ్గర కుళ్లి వాలిపోతోంది, మూడోసారి ఏం మార్చాలి?

వాజుల్లో పెట్టుకోవడానికి ఆస్టర్, దారి అంచున వరుసగా నాటడానికి జీనియా విత్తనాలు ప్రోట్రేల్లో (నారు పెంచే గుంతల ట్రేల్లో) వేశాను. జీనియా నాలుగో రోజుకే మొలిచింది, దానితో ఏ పేచీ లేదు. టెన్షనంతా ఆస్టర్‌తోనే.

పదో రోజుకల్లా దాదాపు అన్నీ మొలుస్తున్నాయి. రెండాకులు విప్పుకున్నాక కాండం మట్టిని తాకే చోట నీరు పట్టినట్టయి, దారంలా సన్నబడి, తెల్లారేసరికి వాలిపోతున్నాయి. ఆకులు మాత్రం అప్పటికీ పచ్చగానే ఉంటున్నాయి!

మిశ్రమం రెండు వంతులు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఒక వంతు వర్మీకంపోస్టు. మొదటిసారి సాయంత్రాలు పైనుంచి నీళ్లు చల్లాను. 98 గుంతల్లో 11 మొక్కలే మిగిలాయి. నారుకుళ్లు అనుకుని రెండోసారి కొత్త ట్రే తీసుకుని, పొద్దున పూట అడుగునుంచే తడి అందించాను. మొలకలొచ్చాక లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంద్రనాశిని మందు) కలిపి మొదళ్లలో పోశాను. ఈసారి 30 దక్కాయి, అంతే. ఎండ, గాలి రెండు ట్రేలకూ ఒకటే.

ఎండ, గాలి కాక మార్చనివి రెండే: అదే విత్తనాల ప్యాకెట్, అదే వర్మీకంపోస్టు బస్తా. నా అనుమానం బస్తా మీదే, కానీ జీనియా అందులోనే బాగా పెరిగింది కదా! ఇప్పుడు వర్మీకంపోస్టు మానేసి ఉత్త కోకోపీట్‌లో వేయాలా, లేక మిశ్రమం అలాగే ఉంచి ట్రైకోడెర్మాతో (కుళ్లు తెచ్చే శిలీంద్రాలను అణిచే మేలు శిలీంద్రం) విత్తనశుద్ధి చేస్తే సరిపోతుందా?