ఎస్సేలు కన్సల్టెన్సీ వాళ్ళతో రాయించి కాలిఫోర్నియా యూనివర్సిటీకి పెట్టొచ్చా? ఇంట్లో రోజూ ఇదే గొడవ

ఆటోనగర్_నాన్న:
అందరికీ నమస్తే అండి. మాది విజయవాడ, సింగ్‌నగర్‌లో ఇల్లు, ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ షాపు. మా అమ్మాయి సీనియర్ ఇంటర్ ఎంపీసీ, హాస్టల్లో ఉంటది. టెన్త్‌లో 600కి 571, జూనియర్ ఇంటర్‌లో 470కి 452. మా బావమరిది శాన్ హోసేలో ఉంటాడు, బీటెక్ ఇక్కడెందుకు బావా డైరెక్ట్‌గా యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి పెట్టెయ్యండి, ఒక్కటే అప్లికేషన్, బర్క్‌లీ దగ్గర్నుంచి మెర్సెడ్ దాకా డిగ్రీ ఉన్న తొమ్మిది క్యాంపస్‌లకీ అదే పోద్ది అన్నాడు. సరేనని బెంజి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీకి వెళ్తే లక్షన్నర అడిగారు. హాస్టల్ పిల్ల కదండీ ప్రొఫైల్లో ఏమీ ఉండవు, ఎస్సేలు నాలుగూ మేమే రాస్తాం, యాక్టివిటీస్ మేమే పెడతాం, బుడమేరు వరదల్లో సేవా సంస్థ పెట్టి 500 మందికి భోజనాలు పంచినట్టు ఒకటి, కాలేజీ రోబోటిక్స్ క్లబ్బుకి ప్రెసిడెంట్ అని ఒకటి, సర్టిఫికెట్లు కూడా మా దగ్గరే రెడీగా ఉంటాయి అన్నారు. ఆ కాలేజీలో రోబోటిక్స్ క్లబ్ కాదు కదా ఆడుకోడానికి బంతి కూడా లేదండి. మా ఆవిడ ససేమిరా అంటుంది, అమ్మాయి ఏడుస్తుంది, బావమరిదేమో అందరూ ఇంతే బావా అంటాడు. నవంబర్ ఆఖరుకల్లా సబ్మిట్ చెయ్యాలంట. నిజంగానే అందరూ ఇలాగే చేస్తున్నారా, చేస్తే తప్పేంటి, తెలిసినవాళ్ళు చెప్పండి.

ఏలూరురోడ్_బాబాయ్:
తప్పేంటి అంటే ఏం లేదు, చేసెయ్యండి. మనం ఇంటర్లో ప్రాక్టికల్ రికార్డులు ఎవరు రాశారండీ? నా కెమిస్ట్రీ రికార్డు మా అక్క రాసింది, 30కి 30 వేశారు, ఆకాశం ఏం విరిగి పడలేదు. వాళ్ళు అమెరికాలో కూర్చుని బుడమేరు ఎక్కడుందో వెతుక్కుంటారా? పైగా అక్కడేదో సత్యహరిశ్చంద్రులు ఉన్నట్టు మాట్లాడకండి, 2020లో కాలిఫోర్నియా స్టేట్ ఆడిటరే రిపోర్టు ఇచ్చింది, పరిచయాలు, విరాళాలు చూసుకుని 64 మందికి అన్యాయంగా సీట్లు ఇచ్చారని. ఉన్నోళ్ళు అక్కడ ఆ దారిలో పోతుంటే మన ఆటోనగర్ పిల్ల ఒక క్లబ్ పెట్టుకుంటే నేరమా?

డేవిస్_కుర్రోడు:
బాబాయ్ గారూ ఆ 64 మంది సంగతి నిజమే, కానీ అది బయటపడ్డాక వాళ్ళు ఇంకా గట్టిగా చూస్తున్నారు, మీరు సగమే చెప్పారు. నాది గుంటూరు లక్ష్మీపురం, ఇప్పుడు యూసీ (అదే, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) డేవిస్ క్యాంపస్‌లో చదువుతున్నా, నేను నా చేత్తో చేసుకున్న అప్లికేషన్ కాబట్టి చెప్తున్నా అండి.

సబ్మిట్ చేసేటప్పుడు చివర్లో ఒక డిక్లరేషన్ ఉంటది, ఇందులో ఉన్నదంతా నిజం, రాసింది నేనే అని పిల్ల పేరు మీద సంతకం లాంటిది. నాన్న పేరు మీద కాదు, కన్సల్టెన్సీ పేరు మీద అసలే కాదు. తర్వాత కొంతమందిని ర్యాండమ్‌గా ఎంచి ఫలానా యాక్టివిటీకి రుజువు పంపమని మెయిల్ పెడతారు, పంపకపోతే మొత్తం అప్లికేషనే క్యాన్సిల్, ఒక క్యాంపస్‌కి కాదు అన్నిటికీ. ఎస్సేలు కాపీ చెకింగ్‌లో కూడా పోతాయి, ఆ కన్సల్టెన్సీ వాళ్ళు అదే వరద కథ ఎంతమంది పిల్లలకి అమ్మారో మీకేం తెలుసు?

ఇంకోటి, ఎనిమిది ప్రశ్నలు ఉంటాయి, మనకి నచ్చిన నాలుగు ఎంచుకుని ఒక్కోదానికి 350 పదాల లోపు రాయాలి. వాటిని ఎస్సేలు అనుకునే మనోళ్ళు బెదిరిపోతున్నారు. అక్కడ సాహిత్యం అక్కర్లా. నేను ఒకదాంట్లో మిర్చి యార్డులో మా నాన్న కమిషన్ కొట్లో వేసవి సెలవుల్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టి చీటీలు రాసిన సంగతి రాశా, ఘాటుకి దగ్గుతూ లెక్క తప్పితే మళ్ళీ మొదట్నుంచీ. ఇంకోదాంట్లో ఫిజిక్స్ రాసుకున్నా. అంతే.

కాలింగ్‌బెల్:
అమెరికా కాలేజీల కోసం రాసే శాట్ పరీక్షలో స్కోర్ ఎంతొచ్చింది పాపకి? అది 1500 దాటితే ఈ యాక్టివిటీల గోల అక్కర్లేదు కదా.

డేవిస్_కుర్రోడు:
శాట్ యూసీ వాళ్ళు అసలు చూడరండి, 2020లో తీసేద్దామని ఓటేశారు, ఇప్పుడు స్కోరు పంపినా అడ్మిషన్‌కి లెక్కలోకి తీసుకోరు. అందుకే మార్కులు, ఈ నాలుగు జవాబులు, యాక్టివిటీలు, వీటి మీదే బరువంతా పడింది. రికమెండేషన్ లెటర్లు కూడా మామూలుగా అడగరు. కన్సల్టెన్సీ వాళ్ళు శాట్ కోచింగ్ ఫీజు కూడా కట్టించుకుని ఉంటే అడిగి వెనక్కి తీసుకోండి.

మాజీ_లెక్చరర్:
నేను పన్నెండేళ్ళు ఇలాంటి రెసిడెన్షియల్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పాను, పేర్లు వద్దు. పొద్దున ఐదున్నరకి లేపి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్, ఆదివారం వీకెండ్ టెస్టు, నెలకోసారి ఔటింగు. ఇలా పెంచి, పదిహేడేళ్ళ పిల్లని నీ నాయకత్వ అనుభవం చెప్పు అంటే ఏం చెబుతుంది, నేను చెప్పలేను. కాబట్టి ఆ కన్సల్టెన్సీ వాళ్ళు అన్నదాంట్లో మొదటి సగం నిజం, రెండో సగం మోసం.

కానీ ఒకటి గమనించండి. వాళ్ళు అప్లికేషన్ చూసే 13 అంశాల్లో, ఆ పిల్లకి ఆ స్కూల్లో దొరికిన అవకాశాలతో పోల్చి ఎలా చదివింది అనేది కూడా ఉంది. ఆ అవకాశాలు ఏంటో వాళ్ళకి తెలియాలంటే మనమే చెప్పాలి. అదనపు వివరాలు రాసుకోడానికి విడిగా ఒక పెట్టె ఇస్తారు. మా కాలేజీలో క్లబ్బులు లేవు, రోజు ఇలా ఉంటుంది, సెలవులు ఇన్ని అని నాలుగు వాక్యాలు సూటిగా రాయమనండి, ఏడుపు లేకుండా. లేని రోబోటిక్స్ క్లబ్ పెట్టారనుకోండి, ఆ మాట చెప్పే అవకాశం కూడా పోతుంది.

మార్కులు కూడా మెమోలో ఉన్నవి ఉన్నట్టే వెయ్యాలి, జీపీఏలోకి మార్చడాలు వద్దు. తొమ్మిది, పది, జూనియర్ ఇంటర్ మార్కులు పిల్లే నమోదు చేసుకోవాలి, సీటొచ్చాక అసలు మెమోలతో సరిచూస్తారు. సంస్కృతంలో వచ్చిన 99 చూసి మురిసిపోకండి, అది మన రాష్ట్రంలో అందరికీ వస్తుంది :)

బ్రాడీపేట_4బై7:
అందరూ ఎస్సేల గురించి కొట్టుకుంటున్నారు, అసలు సంగతి ఎవరూ అడగట్లా. డబ్బులెక్కడివి? బయటి వాళ్ళకి మామూలు ఫీజు మీద అదనంగా ఏడాదికి 37 వేల డాలర్ల పైన వేస్తారు, హాస్టలు తిండీ అన్నీ కలిపితే ఏడాదికి 80 వేల డాలర్లు, అంటే ఇంచుమించు డెబ్భై లక్షలు, నాలుగేళ్ళకి రెండున్నర కోట్లు దాటిద్ది. మన పిల్లలకి అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం అక్కడ ఉండదు. అప్లికేషన్ ఫీజే ఒక్కో క్యాంపస్‌కి 95 డాలర్లు, ఐదు పెడితే నలభై వేలు పైన, పోయినవి తిరిగి రావు. మా ఇంట్లో ఇద్దరూ ఇక్కడ ఈఏపీసెట్ రాసి కన్వీనర్ కోటాలో బీటెక్ చదివి తర్వాత ఎమ్మెస్‌కి పోయారు, అదే అమెరికా, అదే ఉద్యోగం, ఖర్చు నాలుగో వంతు. పద్దెనిమిదేళ్ళ పిల్లని అంత దూరం పంపి ఇక్కడ తల్లి నిద్ర లేకుండా కూర్చోడం ఎందుకు?

ఆటోనగర్_నాన్న:
డబ్బు సంగతి ఆలోచించే దిగామండి. తుళ్ళూరు దగ్గర మా నాన్నగారి పొలం పూలింగ్‌కి ఇస్తే వచ్చిన ప్లాట్లున్నాయి, ఒకటి అమ్ముదామని. అది మా ఇంటి విషయం, తిట్టకండి. ఎస్సేల గురించే చెప్పండి.

పటమట_పిన్ని:
తమ్ముడూ ఒక్క మాట అడుగుతా. ఇల్లు సింగ్‌నగర్ అన్నావు. వరదల్లో భోజనాలు పంచినట్టు రాస్తామన్నారు అన్నావు. మరి వరదొచ్చినప్పుడు పిల్ల ఎక్కడుంది?

ఆటోనగర్_నాన్న:
ఇంట్లోనే ఉందక్కా. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం కదా, ఔటింగ్ అని ముందురోజు సాయంత్రమే ఇంటికి వచ్చింది, తెల్లారేసరికి నీళ్ళు. కింద పోర్షన్ మొత్తం మునిగింది, పైన ఓనర్ వాళ్ళింట్లో మూడు రోజులున్నాం, పడవల మీద పాల ప్యాకెట్లు, డ్రోన్లతో పులిహోర పొట్లాలు అందుకుని తిన్నాం. భోజనాలు పంచడం కాదక్కా, మాకే ఎవరో పంచారు. అది తలుచుకునే మా ఆవిడకి కోపం.

పటమట_పిన్ని:
అదీ. తిన్న పిల్లని పెట్టినట్టు రాస్తారా! సరే, నీళ్ళు తీశాక ఏం చేసింది?

ఆటోనగర్_నాన్న:
ఏం చేస్తదక్కా, కాలేజీకి సెలవులిచ్చారు, వారం పది రోజులు ఇంట్లోనే ఉంది. నా షాపు ఖాతా పుస్తకాలు ఇంట్లో ఉండేవి, మెకానిక్‌లవీ లారీ ఓనర్లవీ అరువు లెక్కలు, ఐదు పుస్తకాలు బురదలో నానిపోయినయ్యి. నేను ఆశ వదిలేసుకున్నా. అది ఒక్కో కాయితం విడదీసి పైన ఫ్యాన్ కింద ఆరబెట్టి, ఇస్త్రీ పెట్టెతో వత్తి, చదవగలిగినంతా కంప్యూటర్లో ఎక్సెల్లో ఎక్కించింది. చదవలేనివాటికి ఒక్కొక్కళ్ళకి ఫోన్ చేసి అడిగింది. దాదాపు ముప్పాతిక వంతు బాకీ మళ్ళీ తేలింది. ఇప్పటికీ అదే షీటు వాడుతున్నాం, ఔటింగ్‌కి వచ్చినప్పుడల్లా అదే సరిచేసిద్ది. ఇది యాక్టివిటీ అంటారా? ఇంటి పని కదా.

డేవిస్_కుర్రోడు:
అంకుల్!!! ఇదే అండి. ఇంట్లో షాపు పని, ఇంటి బాధ్యతలు కూడా అక్కడ రాసుకోవచ్చు, 20 దాకా ఎంట్రీలకి చోటుంటది, 20 నింపాలని రూల్ లేదు, నేను ఏడే పెట్టా. వారానికి ఎన్ని గంటలు, ఏడాదిలో ఎన్ని వారాలు అని అడుగుతారు, ఉన్నది వెయ్యండి. రేపు రుజువు అడిగినా ఆ బురద పుస్తకాలు ఫొటో తీసి పంపొచ్చు, ఉన్నాయా పారేశారా?

ఏలూరురోడ్_బాబాయ్:
సెంటిమెంటు బానే ఉంది గానీ ఒక్క లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌కే ఏటా లక్షా నలభై వేల పైన ఫ్రెషర్ అప్లికేషన్లు వస్తాయి, నూటికి తొమ్మిది మందికి సీటు. అక్కడి పిల్లలు పదో క్లాసులోనే రీసెర్చ్ పేపర్లు అంటున్నారు. ఉద్దరు ఖాతా పుస్తకం చూపించి గెలుస్తామా? ఇంకో మాట, ఆ పిల్ల రాసే ఇంగ్లీషు ఎవరు దిద్దుతారు? మీరంతా దిద్దొచ్చు అంటారు, రాయకూడదు అంటారు. గీత ఎక్కడ?

మాజీ_లెక్చరర్:
బాబాయ్ గారు ఈసారి అడగాల్సిందే అడిగారు. నా లెక్క ఇదండీ: చదివి, ఇక్కడ నాకు అర్థం కాలేదమ్మా, తర్వాత ఏమైంది అని అడగడం దిద్దడం. స్పెల్లింగ్ చూపించడం దిద్దడం. పిల్ల అనని మాట మనం పెడితే అది రాయడం. మిగతావాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. నేను కూడా వెనకటికి ఒక కుర్రాడిది దిద్దుతూ దిద్దుతూ ఆఖరికి చూస్తే అందులో వాడి వాక్యం ఒక్కటీ మిగల్లేదు, మళ్ళీ వాడి పాత కాయితమే తీసి పంపించాం.

సీట్ల లెక్క కూడా బాబాయ్ చెప్పింది కరెక్టే. లాస్ ఏంజెలెస్, బర్క్‌లీ ఆశ తక్కువ పెట్టుకోండి. రివర్‌సైడ్, మెర్సెడ్, శాంటా క్రూజ్ లాంటివి కూడా పెట్టండి. శాన్ హోసేలో మేనమామ ఉన్నాడు అంటున్నారు కాబట్టి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ అని ఇంకో సిస్టమ్ ఉంది, పేరు చూసి రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. ఇరవైకి పైగా క్యాంపస్‌లు, శాన్ హోసే స్టేట్ అందులోదే, అప్లికేషన్‌లో ఎస్సేలే అడగరు, ఒక్కో క్యాంపస్‌కి 70 డాలర్లు, చదువు ఖర్చూ యూసీ కంటే బాగా తక్కువ. మీ కన్సల్టెన్సీ వాళ్ళు దాని పేరు ఎత్తారా?

ఆటోనగర్_నాన్న:
ఎత్తలేదండి. ఎస్సేలు లేకపోతే లక్షన్నర దేనికి తీసుకుంటారు మరి.

బ్రాడీపేట_4బై7:
నా మాట నేను మార్చుకోను, ఎమ్మెస్‌కి పంపడమే తెలివైన పని. కానీ పంపేదైతే మాత్రం ఆ దొంగ సర్టిఫికెట్లతో వద్దు, రెండున్నర కోట్లు పెట్టి మూడో ఏడు పట్టుబడితే ఎవరికి చెప్పుకుంటారు.

ఆటోనగర్_నాన్న:
నిన్న హాస్టల్‌కి ఫోన్ చేశా, పది నిమిషాలే ఇచ్చారు. మీరు చెప్పినవన్నీ చెప్పా. వరద గురించి రాయనంది. సింగ్‌నగర్ నుంచి అప్లై చేసే ప్రతి ఒక్కళ్ళూ అదే రాస్తారు నాన్నా అంది. ఒక పేజీ గురించి రాస్తా అంది. సిరా మొత్తం పోయి అంకె ఒక్కటే మిగిలిన పేజీ అంట, 14,200. ఎవరి బాకీయో తెలీక ఆ వరసలో ఉన్న ఆరుగురికీ ఫోన్ చేసిందంట, ఐదుగురు మాది కాదన్నారంట, ఒక టింకరింగ్ షెడ్డాయన నాదే అయ్యుంటదమ్మా అని నెలనెలా కొంచెం కొంచెం కట్టాడంట. తర్వాత ఇంకో పుస్తకంలో చూస్తే ఆ బాకీ ఆయనది కాదు. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు, ఆయన డబ్బులు ఎలా తిరిగిద్దామా అని అది ఇంకా లెక్కేసుకుంటుంది. షాపు నాది, నాకే తెలీదు.

కన్సల్టెన్సీకి అడ్వాన్సు పాతిక వేలు ఇచ్చా, అడుగుతున్నా, ఇవ్వట్లేదు. ఔటింగ్ మళ్ళీ వచ్చే ఆదివారం, మా ఇంట్లో ల్యాప్‌టాప్ కీబోర్డు వరదలో పోయింది, బాగు చేయించాలి.

ఏలూరురోడ్_బాబాయ్:
పాతిక వేలు మర్చిపోండి, అవి రావు. ప్లాటు మాత్రం అమ్మేటప్పుడు ముందు నాకో మాట చెప్పండి, మా తోడల్లుడు తుళ్ళూరు వైపు చూస్తున్నాడు.