నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా, అయినా ఇసుక నిండా గోధుమ రంగు జిగురు

చెన్నై వేళచ్చేరిలోని మా ఇంట్లో 200 లీటర్ల పగడాల తొట్టి ఉంది. పెట్టి 9 నెలలైంది. నెల రోజులుగా ఇసుక మీద గోధుమ రంగు జిగురు పేరుకుంటోంది. పొద్దున్నే ఇసుక దాదాపు తెల్లగానే ఉంటుంది. లైటు వెలిగిన 3 గంటలకల్లా జిగురు తీగలుగా సాగి, ఒక్కో తీగ కొసన గాలి బుడగ నిలుస్తుంది. రెండు నత్తలు చనిపోయాయి. ఇది డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ సూక్ష్మజీవుల పని అని నా అనుమానం.

ఉప్పదనం (సాపేక్ష సాంద్రత) 1.025, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, ఆల్కలినిటీ (క్షారత) 8.2 dKH. ఆర్‌ఓ నీటి టీడీఎస్ సున్నా.

పోషకాలు (నైట్రేట్, ఫాస్ఫేట్) ఎక్కువయ్యాయనుకుని మొదట మేత సగానికి తగ్గించాను, ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ గుళికలు పెట్టాను, వారానికి 20 శాతం నీళ్లు మార్చాను. జిగురు ఇంకా పెరిగింది. తొట్టికి నల్లగుడ్డ కప్పి 3 రోజులు చీకట్లో ఉంచితే పోయింది కానీ, 5 రోజుల్లో మళ్లీ వచ్చింది. గుళికలు తీసేసి, మేత మామూలుగా వేస్తూ 2 వారాలైంది. నైట్రేట్, ఫాస్ఫేట్ అంకెలు సున్నా నుంచి కదలలేదు. పోషకాలు బొత్తిగా లేకపోవడమే కారణమేమో అనిపిస్తోంది. ఆకుపచ్చగా మెరిసే జోవాంథిడ్లు (పగడాల్లాంటి జీవులు) రోజంతా ముడుచుకునే ఉంటున్నాయి, చూడలేకపోతున్నాను.

ఇలాంటి తొట్టిలో నైట్రేట్, ఫాస్ఫేట్ విడిగా కలిపినవారు, ఒక్కోటి ఎంత స్థాయికి చేరాక జిగురు తగ్గిందో చెబుతారా?