బుడమేరు వరదకూ కొల్లేటి చేపల చెరువులకూ సంబంధం ఎంత?

ప్రశ్న: సింగ్‌నగర్ వాసి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న ఉదయం వీధిలో మోకాలి లోతున ఉన్న నీరు మధ్యాహ్నానికి మా కింది వాటా కిటికీలను దాటింది. పై వాటా వారు మా అమ్మగారిని, పిల్లలను తమ ఇంట్లోకి తీసుకోబట్టి ప్రాణాలతో బయటపడ్డాం. నీరు తీశాక చూస్తే టేకు బీరువా తలుపు ఉబ్బిపోయి తెరుచుకోలేదు. పగలగొట్టి తీస్తే లోపల ఇంటి కాగితాలు ముద్దయిపోయి ఉన్నాయి. గోడ మీద నీరు నిలిచిన చార రెండుసార్లు రంగు వేయించినా మళ్ళీ పైకి తేలుతూనే ఉంది.

అప్పటి నుంచి మా వీధిలో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. బుడమేరు వెళ్ళి కలిసేది కొల్లేటిలో కాబట్టి, అక్కడి చేపల చెరువుల గట్లు నీటికి అడ్డం పడటం వల్లనే మా ఇళ్ళు మునిగాయని అంటున్నారు. మా మేనత్త వాళ్ళది కైకలూరు వైపు లంక గ్రామం. వాళ్ళ ముందు ఈ మాట అనడానికి నాకు నోరు రాదు, అలాగని నిజం తెలుసుకోకుండా ఉండనూ లేను. ఆ గట్లు తొలగిస్తే మాకు నిజంగా వరద ముప్పు తప్పుతుందా? అభయారణ్యం, పక్షులు అని ఒకవైపు, చేపలు, జీవనం అని మరొకవైపు వాదించుకుంటున్న ఈ విషయంలో తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం: విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు

మీకు జరిగిన నష్టానికి చాలా బాధగా ఉంది. ఇక్కడ రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీయాలి.

మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు వెలగలేరు రెగ్యులేటరు దగ్గరకు వచ్చేసరికి, వరద నీటిని మళ్ళింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి పంపించే ఏర్పాటు ఉంది. విజయవాడను కాపాడటానికే ఆ కాలువ తవ్వారు. అయితే కృష్ణే నిండుగా పొంగుతున్నప్పుడు ఈ నీటిని అది తీసుకోలేదు. 2024లో జరిగింది అదే. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఎగువన కుండపోత వానకు బుడమేరు పొంగింది, మళ్ళింపు కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, ఆ నీరు పల్లం వెతుక్కుంటూ మీ వైపు వచ్చింది. ఆ గండ్లను పూడ్చడానికి చివరకు సైన్యం కూడా రావలసి వచ్చింది. నగరంలో బుడమేరు పాత దారి ఇళ్ళతో, రోడ్లతో ఇరుకైపోయి ఉండటం వల్ల నీరు మరింత ఎత్తు లేచింది. కాబట్టి ఆ ఉదయం మీ ఇంట్లోకి నీరు రావడానికి కొల్లేటి గట్లు కారణం అని నేను అనలేను.

అయితే వచ్చిన నీరు వెళ్ళిపోవడానికి ఎన్ని రోజులు పడుతుందన్నది వేరే సంగతి, కొల్లేరు ప్రమేయం అక్కడే ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఆ పల్లంలోకి బుడమేరు, తమ్మిలేరు, ఎన్నో డ్రెయిన్లు వచ్చి పడతాయి. బయటకు పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. దాదాపు 60 కిలోమీటర్లు, వాలు చాలా తక్కువ, అందులోనూ సముద్రం పోటు మీద ఉంటే నీరు కదలదు. ఇంత నీటిని కొన్నాళ్ళు నిలబెట్టుకుని నెమ్మదిగా వదిలే పెద్ద పళ్ళెం వంటిది సరస్సు. ఆ పళ్ళెంలో గట్లు కట్టి చెరువులు చేశాక నీరు పరుచుకునే చోటు తగ్గింది, ప్రవాహానికి దారీ మూసుకుంది. దీని బాధ మొదట పడేది విజయవాడ కాదు, కొల్లేటి చుట్టూ ఉన్న ఊళ్ళు, వరిచేలు.

సమాధానం: లంక ఊరి వాడు

ఇంజినీరు గారు చెప్పిన చివరి వాక్యం దగ్గర నుంచి నేను మొదలుపెడతాను, ఎందుకంటే ఆ నీటిలో ఉండేది మేము.

వరద వస్తే మా ఊరి రోడ్డు రోజుల తరబడి నీటిలోనే ఉంటుంది. మందులకైనా, పాలకైనా పడవ కట్టవలసిందే. చెరువు గట్టు తెగితే పెంచిన శీలావతి, బొచ్చె మొత్తం సరస్సులోకి పోతాయి, అప్పు మాత్రం మిగులుతుంది. మా తాతగారి కాలంలో తాటి దోనె మీద వెళ్ళి మావులు పెట్టి కొర్రమేను, మట్టగిడస, ఇంగిలాయి పట్టేవారు. నీరు పెరిగితే చేప ఎక్కువ వచ్చిందని సంతోషించేవారు. అదే నీటిని ఇప్పుడు చూసి భయపడుతున్నాం.

2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వం చెరువుల గట్లు కొట్టివేసినప్పుడు నేను చిన్నవాణ్ణి కాను, అన్నీ చూశాను. మా వంటి వారికి చెరువు సొంతం కాదు, పెట్టుబడి పెట్టేది బయటి నుంచి వచ్చిన లీజుదారులు. మాది కాపలా, మేత చల్లడం, పట్టుబడి రోజు వల లాగడం. తవుడు, చెక్క బస్తాలు మోసి సంపాదించిన కూలి మాత్రమే మాది. గట్లు పోయాక మా కూలి పోయింది. కొన్నేళ్ళకు మళ్ళీ గట్లు లేచాయి, లేపినవాళ్ళు మాత్రం మేము కాము. అందుకే దయచేసి "కొల్లేటి వాళ్ళు" అని అందరినీ ఒకే గాటన కట్టవద్దు. అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తున గీసిన అభయారణ్యం హద్దు) లోపల పట్టా ఉన్న జిరాయితీ రైతులు ఉన్నారు, చేపల సొసైటీ సభ్యులు ఉన్నారు, ఏమీ లేని కూలీలు ఉన్నారు.

మీ మేనత్త గారితో మాట్లాడటానికి మొహమాటపడకండి. నీటితో ఆవిడ పడే బాధ మీకంటే తక్కువేమీ కాదు.

సమాధానం: జంతుశాస్త్ర అధ్యాపకురాలు

పక్షుల గురించి నేను చెప్తాను. కొల్లేటిలో సముద్రమట్టానికి అయిదు అడుగుల కాంటూరు వరకు ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో సరస్సుకు రాంసర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చేది) వచ్చింది. "పక్షుల కోసం మనుషులను వెళ్ళగొడతారా" అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఉంది. కానీ ఆ హద్దు గీసిన చోటే వరద నీరు పరుచుకునే చోటు కూడా. పక్షికి కావలసినదీ, వరదకు కావలసినదీ ఒకటే స్థలం.

చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి వచ్చే బాతులకు, ఒడ్డున ముక్కుతో బురద వెతుక్కునే ఉల్లంకి వంటి పక్షులకు అడుగు, రెండడుగుల లోతు నీరు, కిక్కిస, నాచు కావాలి. చేపల చెరువు లోతుగా ఉంటుంది, గట్టు నిటారుగా ఉంటుంది. బయటికి నీరే కనిపిస్తుంది గాని వాటికి అక్కడ కాలు మోపే చోటు ఉండదు. గూడబాతులు (పెలికాన్లు) మాత్రం లోతు నీటిలోనూ చేపను పట్టగలవు, అందుకే చెరువుల రైతులకు వాటి మీద కోపం. కైకలూరు దగ్గరి ఆటపాకలో అవి గూళ్ళు పెట్టే చెట్లు నీటిలో నిలిచి ఎండిపోతే అటవీ శాఖ వారు ఇనుప స్టాండ్లు పాతారు. ఒకే స్టాండు మీద గూడు పక్కన గూడు, ఒక పిల్ల రెక్క ఇంకో పిల్లకు తగులుతూ, తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి తినే పిల్లలు. ప్రతి జనవరిలో విద్యార్థులను తీసుకువెళ్ళి చూపిస్తాను. చూసిన ప్రతిసారీ సంతోషంతో పాటు, చెట్టు ఉండవలసిన చోట ఇనుము ఉందన్న దిగులు కూడా కలుగుతుంది.

లంక ఊరి వాడు:

టీచరు గారూ, గూడబాతుల మీద మాకు కోపం లేదు, కోపం పెట్టుబడి పెట్టినవారిది. ఇంజినీరు గారిని ఒకటి అడగాలి. గట్ల గురించి ఇంత మాట్లాడుతున్నారు, మరి పూడిక పేరుకుని, గుర్రపుడెక్క పట్టేసిన ఉప్పుటేరును తవ్వితే చాలదా?

విశ్రాంత ఇంజినీరు:

తవ్వాలి, కానీ తవ్వకం ఒక్కటే చాలదు. ఉప్పుటేరును లోతు చేస్తే వరద త్వరగా పోతుంది, వేసవిలో అదే దారిన సముద్రపు ఉప్పునీరు సరస్సులోకి ఎగదన్నుతుంది. అప్పుడు మీ కొర్రమేనూ పోతుంది, అంచున ఉన్న వరి కూడా పోతుంది. పూడిక తీయడంతో పాటు పోటు నీటిని ఆపే రెగ్యులేటర్లు ఉండాలి, సరస్సు లోపల ప్రవాహానికి అడ్డం పడిన గట్లను ముందుగా తీయాలి. అన్నీ ఒకేసారి కాకపోయినా, బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే ముఖాల నుంచి ఉప్పుటేరు మొదలు వరకు నేరుగా దారి తెరవడం మొదటి పని అని నా అభిప్రాయం. విజయవాడకు మాత్రం అసలు రక్షణ ఎగువనే ఉంది, మళ్ళింపు కాలువ గట్లు బలపడాలి, నగరంలో బుడమేరు వెడల్పు తిరిగి రావాలి.

సింగ్‌నగర్ వాసి:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిన్న మేనత్తకు ఫోన్ చేసి, సెప్టెంబరులో మీ ఊళ్ళో నీరు ఎన్ని రోజులు ఉందని మొదటిసారి అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు, తరువాత "మీ ఇల్లే మునిగిందని మా సంగతి మేమెవరమూ నీకు చెప్పలేదురా నాన్నా, మా వాకిట్లోనూ నడుము లోతు" అన్నారు. వచ్చే నెల పిల్లలను తీసుకుని వెళ్తున్నాను. టీచరు గారూ, ఆటపాకలో గూళ్ళు దగ్గరగా కనిపించేది పొద్దున్నా, సాయంత్రమా?