రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరుచుకునే షేర్ పవర్‌షెల్ రిమోటింగ్‌లో మాత్రం "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటోంది

రాత్రిషిఫ్ట్:

డొమైన్‌లో (అకౌంట్లన్నీ ఒకేచోట నుంచి నడిచే ఆఫీసు నెట్‌వర్క్‌లో) ఉన్న మూడు మెషీన్ల మధ్య గొడవ ఇది. నా విండోస్ 11 ల్యాప్‌టాప్, ఒక అప్లికేషన్ సర్వర్, ఒక ఫైల్ సర్వర్. సర్వర్లు రెండూ విండోస్ సర్వర్ 2019. బిల్డ్ ఫైళ్లన్నీ ఫైల్ సర్వర్‌లో "రిలీజ్" అనే షేర్‌లో (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫోల్డర్‌లో) పడతాయి, అక్కడి నుంచి అప్లికేషన్ సర్వర్‌కి తెచ్చుకోవాలి.

రిమోట్ డెస్క్‌టాప్‌తో అప్లికేషన్ సర్వర్‌లోకి వెళ్లి ఆ షేర్ తెరిస్తే హాయిగా తెరుచుకుంటుంది, కాపీ అవుతుంది, డిలీట్ కూడా అవుతుంది. అదే పని స్క్రిప్ట్‌తో చేద్దామని నా ల్యాప్‌టాప్ నుంచి పవర్‌షెల్ రిమోటింగ్‌తో (ఇక్కడి నుంచే అవతలి మెషీన్‌లో కమాండ్లు నడిపే పద్ధతి) అదే సర్వర్‌కి, అదే యూజర్‌తో వెళ్లి, అదే పాత్ ఇస్తే ఎర్ర అక్షరాల్లో "యాక్సెస్ ఈజ్ డినైడ్", దాని కింద పాత్ అసలు లేనే లేదని ఇంకో లైను.

చూసినవన్నీ చెప్పేస్తాను, మళ్లీ మళ్లీ అడగకుండా. షేర్ పర్మిషన్‌లో నా గ్రూప్‌కి చేంజ్ ఉంది, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (డిస్క్‌లోని ఫోల్డర్ పర్మిషన్లలో) మాడిఫై ఉంది. ఎఫెక్టివ్ యాక్సెస్ ట్యాబ్‌లో నా పేరు పెడితే కావాల్సిన వాటన్నిటికీ టిక్కులే. ఫైర్‌వాల్ కాదు, అప్లికేషన్ సర్వర్ నుంచి ఫైల్ సర్వర్‌లో ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్ట్ తగులుతోంది. రిమోట్ సెషన్‌లో హూయామ్‌ఐ (లాగిన్ అయింది ఎవరో చెప్పే కమాండ్) కొడితే నా పేరే వస్తోంది. పేరు నాదే, గ్రూపులు నావే, పర్మిషన్లు నావే, మరి ఇది ఎవరికి డినైడ్ చెబుతోంది?

ప్లగ్ అండ్ ప్రే:

షేర్‌కి, ఫోల్డర్‌కి రెండింటికీ ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ ఇచ్చి చూడండి. పని అయ్యాక తీసేయొచ్చు. డినైడ్ అని వచ్చినప్పుడు నేను చేసే మొదటి పని అదే.

మూడుతలల కాపలా:

అది మాత్రం చేయకండి. సెక్యూరిటీ సంగతి అటుంచితే, ఈ కేసులో దానితో పని కూడా జరగదు. (పని అయ్యాక తీసేద్దామని ఇచ్చిన ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్‌ని తీసేసినవాళ్లను నేనింకా చూడలేదు, అది వేరే విషయం.)

రాత్రిషిఫ్ట్ గారూ, మీ చివరి ప్రశ్నలోనే జవాబు ఉంది. ఆ డినైడ్ మీకు కాదు. ఫైల్ సర్వర్ దగ్గరికి వచ్చింది మీరు కాదు కాబట్టి.

రిమోట్ డెస్క్‌టాప్‌తో మామూలుగా లాగిన్ అయినప్పుడు మీ పాస్‌వర్డ్ అప్లికేషన్ సర్వర్‌కి చేరుతుంది. దాంతో ఆ సర్వర్ మీ తరఫున కెర్బెరోస్ టికెట్లు (డొమైన్ ఇచ్చే గుర్తింపు చీటీలు) తెచ్చుకుంటుంది, ఫైల్ సర్వర్ అడిగితే చూపిస్తుంది. సెక్యూరిటీ లాగ్‌లో 4624 ఈవెంట్ (లాగిన్ రికార్డు) తెరిస్తే లాగాన్ టైప్ 10 అని ఉంటుంది. పవర్‌షెల్ రిమోటింగ్‌లో అలా కాదు. మీ ల్యాప్‌టాప్ ఇచ్చేది "ఈయన ఫలానా" అని రుజువు చేసే టికెట్ ఒక్కటే, అది కూడా ఆ అప్లికేషన్ సర్వర్‌కి మాత్రమే చెల్లుతుంది. లాగాన్ టైప్ 3. అక్కడ లోపల మీరు మీరే, అందుకే హూయామ్‌ఐ నిజమే చెబుతోంది, లోకల్ డిస్క్‌లో ఏ ఫైలైనా తెరుచుకుంటుంది. కానీ అక్కడి నుంచి ఇంకో సర్వర్‌కి వెళ్లాలంటే చూపించడానికి ఆ సెషన్ దగ్గర ఏమీ లేదు. దీన్నే డబుల్ హాప్ (మొదటి సర్వర్ నుంచి ఇంకోదానికి రెండో గెంతు) సమస్య అంటారు. ఇది బగ్ కాదు, కావాలనే అలా పెట్టారు. మీరు రిమోట్‌గా వెళ్లిన ప్రతి సర్వరూ మీ పేరుతో ఊరంతా తిరిగే పరిస్థితి ఎవరికీ అక్కర్లేదు.

చెక్ చేయడం తేలిక. రిమోట్ సెషన్‌లో కేలిస్ట్ (ఆ సెషన్ దగ్గరున్న టికెట్లు చూపే కమాండ్) కొట్టండి, అదే సర్వర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ సెషన్‌లో కూడా కొట్టండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత అదే సమయానికి ఫైల్ సర్వర్ లాగ్‌లో 4624 చూడండి, అక్కడ మీ పేరు ఉందో లేక అనానిమస్ లాగాన్ (పేరు లేని లాగిన్) ఉందో.

ఎవ్రీవన్‌తో ఎందుకు కాదన్నానంటే, విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ డిఫాల్ట్‌గా ఎవ్రీవన్‌లో అనానిమస్ కలవదు. తలుపులన్నీ తీసి పెట్టినా ఆ వచ్చినవాడికి లోపలికి దారి ఉండదు, మిగతా వాళ్లందరికీ మాత్రం ఉంటుంది.

రాత్రిషిఫ్ట్:

చేశాను. రిమోట్ డెస్క్‌టాప్‌లో కేలిస్ట్ కొడితే చాంతాడంత జాబితా వచ్చింది, అందులో ఫైల్ సర్వర్ పేరుతో సీఐఎఫ్‌ఎస్ (ఫైల్ షేరింగ్) టికెట్ కూడా ఉంది. రిమోట్ పవర్‌షెల్‌లో క్యాష్‌డ్ టికెట్స్ సున్నా. ఫైల్ సర్వర్ లాగ్‌లో మీరన్నట్టే అనానిమస్ లాగాన్, టైప్ 3, సోర్స్ అడ్రస్ మా అప్లికేషన్ సర్వర్‌ది. ఇన్నాళ్లూ ఫోల్డర్ పర్మిషన్ల మీద పడి కొట్టుకుంటున్నాం అందరం.

సరే, ఇప్పుడు దీనికి మందేంటి? గూగుల్ చేస్తే క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ ఆన్ చేయమని చాలామంది అంటున్నారు.

మూడుతలల కాపలా:

క్రెడ్‌ఎస్‌ఎస్‌పీతో పని జరుగుతుంది, నాకు మాత్రం ఇష్టం లేదు. అది మీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ అప్లికేషన్ సర్వర్‌కి అప్పజెబుతుంది. ఆ సర్వర్‌లోకి ఎవడైనా అడ్మిన్‌గా దూరితే మెమరీలోంచి వాటిని లాగేసుకోవచ్చు. మీది డొమైన్ అడ్మిన్ అకౌంట్ అయితే ఇక చెప్పక్కర్లేదు.

ముందు అసలు రెండో హాప్ అవసరమా అని చూడండి. మీ ల్యాప్‌టాప్‌కి ఫైల్ సర్వర్ అందుబాటులో ఉంటే, ఫైళ్లను ల్యాప్‌టాపే చదివి, కాపీ ఐటమ్‌లో టు సెషన్ పారామీటర్ వాడి అప్లికేషన్ సర్వర్‌కి తోసేయొచ్చు. అప్పుడు రెండూ మీ దగ్గర మొదలయ్యే సింగిల్ హాప్‌లే. పవర్‌షెల్ 5 నుంచి ఉంది ఇది. చిన్న ఫైళ్లకు బాగుంటుంది, గిగాబైట్ల బిల్డ్ అయితే నత్తనడకే.

అప్పుడప్పుడూ చేసే పనైతే, రిమోట్ సెషన్ లోపలే న్యూ పీఎస్‌డ్రైవ్‌కి క్రెడెన్షియల్ ఇచ్చి షేర్‌ని మ్యాప్ చేసుకోండి. అది ఆ షేర్ కోసం విడిగా ఇచ్చే పాస్‌వర్డ్ కాబట్టి డెలిగేషన్ (మీ తరఫున వేరే సర్వర్‌కి వెళ్లే అనుమతి) అక్కర్లేదు. పాస్‌వర్డ్‌ని స్క్రిప్ట్‌లో రాసి పెట్టకండి, అంతే.

రోజూ చేసేదైతే రిసోర్స్ బేస్డ్ కన్‌స్ట్రెయిన్డ్ డెలిగేషన్ పెట్టించండి. సర్వర్ 2012 నుంచి ఉంది. పాత పద్ధతిలో "ఈ సర్వర్ ఎక్కడెక్కడికి వెళ్లొచ్చు" అని మధ్యలో ఉన్న సర్వర్ అకౌంట్ మీద రాసేవాళ్లం, ఇందులో "నా దగ్గరికి ఎవరు ఇంకొకరి తరఫున రావచ్చు" అని ఫైల్ సర్వర్ అకౌంట్ మీదే రాస్తాం. సెట్ ఏడీ కంప్యూటర్ కమాండ్‌తో ఫైల్ సర్వర్ కంప్యూటర్ ఆబ్జెక్ట్‌లో "ప్రిన్సిపల్స్ అలౌడ్ టు డెలిగేట్ టు అకౌంట్" అనే ప్రాపర్టీలో అప్లికేషన్ సర్వర్ కంప్యూటర్ ఆబ్జెక్ట్‌ని పెట్టాలి. యూజర్ పేరు కాదు, కంప్యూటర్ అకౌంటే, ఎందుకంటే రిమోటింగ్‌ని నడిపే విన్‌ఆర్ఎమ్ సర్వీస్ "నెట్‌వర్క్ సర్వీస్" అనే అకౌంట్‌తో నడుస్తుంది, బయటికి వెళ్లేటప్పుడు అది వాడేది ఆ మెషీన్ అకౌంట్‌ని.

రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, మీరు ఇంతకుముందే ట్రై చేసి విఫలమయ్యారు కాబట్టి ఆ "కాదు" అన్న జవాబు 15 నిమిషాలు క్యాష్‌లో ఉండిపోతుంది. సెట్టింగ్ పెట్టిన వెంటనే ట్రై చేసి "ఇదీ పనిచేయలేదు" అని వెనక్కి తీసేసేవాళ్లు బోలెడుమంది. ఆగండి, లేదా అప్లికేషన్ సర్వర్‌లో సిస్టమ్ లాగాన్ సెషన్‌కి కేలిస్ట్ పర్జ్ (దాచుకున్న టికెట్లు తుడిచేసే కమాండ్) కొట్టండి. రెండోది, ఇది షేర్ కోసం పనిచేస్తుంది గానీ, అక్కడి నుంచి మళ్లీ ఇంకో సర్వర్‌కి పవర్‌షెల్ రిమోటింగ్ చేస్తానంటే కుదరదు.

కేబుల్ చివర:

ఈ టాపిక్‌కి వచ్చేవాళ్లలో సగం మందికి డబుల్ హాప్ కాకుండా దాని చుట్టాలు తగులుతాయి, కాబట్టి నావి కూడా కలుపుతున్నా.

టాస్క్ షెడ్యూలర్‌లో "డూ నాట్ స్టోర్ పాస్‌వర్డ్" టిక్ పెడితే ఆ టాస్క్‌కి లోకల్ రిసోర్సులు మాత్రమే అందుతాయి, ఆ మాట ఆ టిక్ పక్కనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. విండోస్‌కి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లేవాళ్లకి కూడా ఇదే. కీతో లాగిన్ అయితే షేర్ తెరుచుకోదు, పాస్‌వర్డ్‌తో అయితే తెరుచుకుంటుంది, కారణం మళ్లీ అదే.

రిమోట్ డెస్క్‌టాప్‌లో అయితే షేర్ అన్నిసార్లూ తెరుచుకుంటుందని అనుకోవద్దు. రెస్ట్రిక్టెడ్ అడ్మిన్ మోడ్‌లో వెళ్తే మీ పాస్‌వర్డ్ అవతలికి పోదు, అక్కడి నుంచి షేర్‌కి వెళ్తే మీ పేరుతో కాకుండా ఆ సర్వర్ కంప్యూటర్ అకౌంట్ పేరుతో వెళ్తుంది. రిమోట్ క్రెడెన్షియల్ గార్డ్‌లో ఆ ఇబ్బంది లేదు, టికెట్ అవసరమైనప్పుడల్లా రిక్వెస్ట్ మీ మెషీన్‌కే వెనక్కి వస్తుంది.

ఇక జెడ్ డ్రైవ్ ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచిన విండోలో మాయమైతే అది పర్మిషన్ కాదు, యూఏసీ (అడ్మిన్ హక్కులను విడిగా ఉంచే విండోస్ ఏర్పాటు). మ్యాప్ చేసిన డ్రైవ్ ఆ లాగాన్ సెషన్‌కే పరిమితం, అడ్మిన్ విండోది వేరే సెషన్. రిజిస్ట్రీలో ఎనేబుల్ లింక్డ్ కనెక్షన్స్ అని ఒకటి ఉంది గానీ, స్క్రిప్టుల్లో డ్రైవ్ అక్షరాలు మానేసి పూర్తి పాత్ రాసుకోవడం మేలు. ఎర్రర్ 1219 వస్తే అదే సర్వర్‌కి వేరే యూజర్‌నేమ్‌తో పాత కనెక్షన్ తెరిచి ఉన్నట్టు. నెట్ యూజ్ కొట్టి చూసి దాన్ని తీసేయండి. 1326 (యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు) అయితే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత పాస్‌వర్డ్ ఏదైనా దాక్కుందేమో చూడండి.

రాత్రిషిఫ్ట్:

డెలిగేషన్ పెట్టించాను, కాసేపు ఆగి ట్రై చేస్తే స్క్రిప్ట్ నడిచింది. మూడుతలల గారికి థ్యాంక్స్.

ఇంకొకటి మిగిలింది. మా టీమ్‌లో ఒకబ్బాయిని నిన్ననే రిలీజ్ గ్రూప్‌లో చేర్చాం. అతనికి రిమోట్ డెస్క్‌టాప్‌లో కూడా డినైడే వస్తోంది. ఎఫెక్టివ్ యాక్సెస్‌లో అతని పేరు పెడితే యాక్సెస్ ఉన్నట్టే చూపిస్తోంది. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వమన్నాను, అయ్యానంటున్నాడు.

కేబుల్ చివర:

లాగౌట్ అయ్యాడా, లేక పైనున్న ఇంటూ గుర్తు కొట్టి విండో మూసేశాడా? అడగండి. ఇంటూ కొడితే డిస్‌కనెక్ట్ అవుతుందే తప్ప సైనౌట్ కాదు. అతని సెషన్ సర్వర్‌లో అలాగే బతికి ఉంటుంది, మళ్లీ కనెక్ట్ అయితే అదే పాత సెషన్‌లోకి, గ్రూప్‌లో చేర్చకముందు తయారైన టోకెన్‌తో (లాగిన్ అప్పుడు రాసుకున్న అతని గ్రూపుల జాబితాతో), టికెట్లతో వెళ్తాడు. టాస్క్ మేనేజర్‌లో యూజర్స్ ట్యాబ్ చూడండి, అతని పేరు పక్కన డిస్‌కనెక్టెడ్ అని ఉండొచ్చు.

ఎఫెక్టివ్ యాక్సెస్ లెక్క వేరు. అది ఇప్పుడు యాక్టివ్ డైరెక్టరీలో (డొమైన్ అకౌంట్లు, గ్రూపులు ఉండే చోట) ఉన్న సభ్యత్వాలను లెక్కగట్టి చెబుతుంది, అతని దగ్గరున్న టికెట్‌లో ఏముందో దానికి తెలియదు. అతని సెషన్‌లోనే హూయామ్‌ఐకి గ్రూప్స్ స్విచ్ ఇచ్చి కొడితే కొత్త గ్రూప్ ఉందో లేదో తేలిపోతుంది.

మూడుతలల కాపలా:

అదే. సైనౌట్ చేయలేని పరిస్థితి అయితే, ఏదో పెద్ద జాబ్ నడుస్తోంది అనుకోండి, అతని సెషన్‌లో కేలిస్ట్ పర్జ్ కొట్టి, ఫైల్ సర్వర్‌లో అతని పేరుతో ఉన్న ఎస్‌ఎంబీ (ఫైల్ షేరింగ్) సెషన్ క్లోజ్ చేస్తే సరిపోతుంది. తర్వాత షేర్ తెరిచినప్పుడు కొత్త టికెట్ వస్తుంది, అందులో కొత్త గ్రూప్ ఉంటుంది. హూయామ్‌ఐలో మాత్రం పాత గ్రూపులే కనిపిస్తాయి, అది లోకల్ టోకెన్, సైనౌట్ అయితేనే మారుతుంది. అది చూసి కంగారు పడకండి. ఊరికే వదిలేస్తే తనంతట తాను సర్దుకోవడానికి చాలా టైమ్ పడుతుంది, టీజీటీ (మిగతా టికెట్లు తెచ్చుకోవడానికి వాడే మొదటి టికెట్) ఆయుష్షు డిఫాల్ట్‌గా 10 గంటలు, పైగా 7 రోజుల వరకు రెన్యూ అవుతూ పోవచ్చు.

రాత్రిషిఫ్ట్:

ఇంటూ గుర్తే! డిస్‌కనెక్టెడ్ అని ఉంది, సైనౌట్ చేయించగానే తెరుచుకుంది.

ఇప్పుడు మా లీడ్ అకౌంట్‌తో మాత్రం స్క్రిప్ట్ నడవడం లేదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో ఓకే, రిమోటింగ్‌లో డినైడ్. డెలిగేషన్ అందరికీ ఒకటే కదా?

మూడుతలల కాపలా:

ఆయన అకౌంట్ ప్రాపర్టీస్‌లో "అకౌంట్ ఈజ్ సెన్సిటివ్ అండ్ కెనాట్ బి డెలిగేటెడ్" టిక్ ఉందా, లేదా ఆయన ప్రొటెక్టెడ్ యూజర్స్ గ్రూప్‌లో ఉన్నారా చూడండి. ఈ రెండిటిలో ఏది ఉన్నా ఏ రకం డెలిగేషనూ పనిచేయదు. అడ్మిన్ అకౌంట్లకి అలాగే ఉండాలి కూడా, స్క్రిప్ట్ కోసమని ఆ టిక్ తీయించకండి. రిలీజ్ పనికి విడిగా ఒక మామూలు అకౌంట్ పెట్టి, దానికి ఆ షేర్‌లో రీడ్, అప్లికేషన్ సర్వర్‌లో రిమోటింగ్ హక్కు మాత్రమే ఇవ్వండి. ఫైళ్లు తెచ్చుకోవడమే కదా పని, షేర్‌లో డిలీట్ హక్కు స్క్రిప్ట్‌కి ఎందుకు?