నడుస్తున్న ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) సైట్‌లో డీఎల్ఎల్ (కోడ్ లైబ్రరీ ఫైలు) మార్చబోతే "ఫైల్ వాడుకలో ఉంది" అంటోంది

ప్రశ్న:
విండోస్ సర్వర్ 2019, డాట్‌నెట్ 8 వెబ్ ఏపీఐ, ఇన్‌ప్రాసెస్ హోస్టింగ్ (యాప్ ఐఐఎస్ ప్రాసెస్‌లోనే నడుస్తుంది). బిల్లింగ్ డీఎల్ఎల్ ఒక్కటే మార్చాలి. కాపీ చేస్తుంటే వేరే ప్రాసెస్ వాడుతోందని ఆగిపోతోంది, యాప్ పూల్ (సైట్‌ను నడిపే ప్రాసెస్) రీసైకిల్ చేసినా, అంటే దాన్ని కొత్తగా లేపినా, అంతే. పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 సైట్లలో బిన్ ఫోల్డర్‌లో పడేస్తే సరిపోయేది కదా? అదే సర్వర్‌లో ఇంకో నాలుగు సైట్లున్నాయి, వాటిని కదపకూడదు.

జవాబు 1:
4.8లో మీరు మార్చే ఫైలు వేరు, నడిచే ఫైలు వేరండీ. బిన్‌లోని డీఎల్ఎల్‌కు నకలు తీసి, ఆ నకలునే లోడ్ చేసుకునేది. దాన్నే షాడో కాపీ అంటారు. కోర్‌లో (మీ డాట్‌నెట్ 8 ఆ వరసదే) అది డిఫాల్ట్‌గా ఉండదు, అసలు ఫైలునే పట్టుకు కూర్చుంటుంది. ఇక రీసైకిల్ అంటారా, కొత్త ప్రాసెస్ లేచి పని అందుకున్నాకే పాతది పోతుంది. మధ్యలో ఫైలు ఖాళీగా దొరకదు.

ఐఐఎస్‌రీసెట్ కొట్టకండి, అది ఐఐఎస్ మొత్తాన్ని ఆపి లేపుతుంది, మిగతా నాలుగూ పడిపోతాయి. సైట్ రూట్‌లో యాప్_ఆఫ్‌లైన్.హెచ్‌టీఎమ్ అనే ఫైలు పెట్టండి. ఐఐఎస్‌లోని కోర్ మాడ్యూల్ అది చూసి యాప్‌ను దించేస్తుంది, వచ్చినవాళ్లకు 503 (సేవ అందుబాటులో లేదు) కోడ్‌తో ఆ పేజీ చూపిస్తుంది. దిగడానికి డిఫాల్ట్ గడువు 10 సెకన్లు. కాబట్టి ఫైలు పెట్టిన మరుక్షణం కాపీ మొదలెట్టొద్దు. స్క్రిప్ట్‌లో రెండేసి సెకన్లు ఆగుతూ ఓ పదిసార్లు ప్రయత్నించే లూప్ రాయండి. కాపీ అయ్యాక ఆ ఫైలు తీసేస్తే తర్వాతి రిక్వెస్ట్‌కు యాప్ లేస్తుంది.

నోట్‌ప్యాడ్‌తో చేస్తే చివర టీఎక్స్‌టీ తగిలిందేమో చూసుకోండి. ఎక్స్‌టెన్షన్లు దాచి ఉంటే కంటికి కనపడదు, యాప్ మాత్రం దిగదు.

జవాబు 2:
పై పద్ధతి సరైందే గానీ, వెబ్‌సాకెట్ కనెక్షన్లు (బ్రౌజర్‌తో చాలాసేపు తెరిచే ఉండేవి) ఉంటే యాప్ దిగడం ఆలస్యమవుతుంది. అప్పుడు ఆ ఒక్క యాప్ పూల్‌ను రీసైకిల్ కాదు, స్టాప్ చేయండి. సైట్లన్నీ ఒకే పూల్‌లో ఉంటే ముందు ఈ సైట్‌ను వేరే పూల్‌కు విడదీయాలి. ఇంకా లాక్ వదలకపోతే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే టూల్‌లో కంట్రోల్ ఎఫ్ నొక్కి డీఎల్ఎల్ పేరు వెతకండి, ఎవరు పట్టుకున్నారో తెలుస్తుంది. కొన్నిసార్లు అది యాంటీవైరసే.

జవాబు 3:
అసలు డీఎల్ఎల్ ఒక్కటే మార్చడం నాకు నచ్చని పని. కొత్త బిల్లింగ్ ఇంకో కొత్త ప్యాకేజీ అడిగితే, డెప్స్ జేసన్ (యాప్‌కు కావాల్సిన లైబ్రరీల జాబితా ఫైలు) పాతదే ఉండటంతో యాప్ లేస్తుంది గానీ ఆ కోడ్ తగిలినప్పుడు ఫైల్ దొరకలేదని పడుతుంది. పబ్లిష్ చేసిన ఫైళ్లన్నిటినీ తేదీ పేరుతో కొత్త ఫోల్డర్‌లో పెట్టి, సైట్ ఫిజికల్ పాత్ (సైట్ ఫైళ్లుండే ఫోల్డర్ దారి) అటు తిప్పండి. లాక్ గొడవే ఉండదు. తేడా వస్తే పాత్ వెనక్కి తిప్పడమే. లాగ్‌లు, అప్‌లోడ్‌లు మాత్రం ఆ ఫోల్డర్ బయట ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇదే లినక్స్‌కు మారిస్తే లాక్ ఉండదుగా?

జవాబు 3:
లాక్ ఉండదు, అదే ప్రమాదం. నడుస్తున్న ఎస్‌ఓ ఫైలు (లినక్స్ లైబ్రరీ) మీద సీపీతో (కాపీ కమాండ్) రాస్తే అదే ఐనోడ్‌లో (డిస్క్‌లో ఫైలు అసలు రికార్డు) బైట్లు మారిపోయి ప్రాసెస్ క్రాష్ కావచ్చు. అదే ఫోల్డర్‌లో వేరే పేరుతో పెట్టి, ఎంవీతో (పేరు మార్చే కమాండ్) అసలు పేరుకు మార్చండి. పాత ప్రాసెస్ దగ్గర పాత ఐనోడ్ అలాగే ఉంటుంది. సర్వీస్ రీస్టార్ట్ చేస్తేనే కొత్తది లోడ్ అవుతుంది.