ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ, పద్నాలుగు నెలలుగా వాకిన్‌లు. దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టనా?

అందరికీ నమస్తే. మాది సూర్యాపేట దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి 2024లో పాసయ్యాను, 78 శాతం. పీజీ ఎంట్రన్స్ సీపీగెట్‌లో యూనివర్సిటీ క్యాంపస్ సీటు కొద్దిలో తప్పిపోయింది, అది వేరే ఏడుపు. ఇప్పుడు మూసాపేటలో లేడీస్ హాస్టల్లో ఉంటున్నా. నెలకు 6,500, రూముకి నలుగురం. మా రూములో ఉద్యోగం లేనిదాన్ని నేనొక్కదాన్నే.

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ఫార్మా కంపెనీలు కలిపి ఇప్పటికి పందొమ్మిది వాకిన్‌లు (నేరుగా వెళ్ళే ఇంటర్వ్యూలు). అన్నిచోట్లా ఒకటే వరస. గేటు దగ్గర సెక్యూరిటీ పేరు రాసుకుంటాడు, చెట్టు కింద రెండు గంటలు నిలబడతాం, లోపలికెళ్తే "ఎక్స్‌పీరియన్స్ ఎంత?" అంటారు. ఫ్రెషర్ అనగానే రెజ్యూమె ఇంకో కట్టలోకి పోతుంది. ఆ కట్ట ఎప్పుడూ పెద్దదే. ప్రొడక్షన్‌కైతే చాలాచోట్ల అబ్బాయిలే కావాలంటారు. తీసుకుంటామన్నా మా నాన్న ఒప్పుకోడు. 2025 జూన్‌లో పాశమైలారం ఫ్యాక్టరీలో పేలుడు టీవీలో చూసినప్పటి నుంచి ఆ మాటెత్తితే చాలు, లేచి బయటికి వెళ్ళిపోతాడు.

పోయిన నెల ఒకచోట క్యూసీకి (మందుల నాణ్యత పరీక్షించే విభాగం) టెక్నికల్ రౌండ్ దాకా వెళ్ళాను. ఆ సార్ మొదటి ప్రశ్నే "హెచ్‌పీఎల్‌సీ మీద ఎన్ని ఇంజెక్షన్లు వేశారమ్మా?" అని. శాంపిల్‌లో ఏమేం ఎంత ఉన్నాయో విడదీసి చూపే మెషీన్ అది. మా కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ ఉంది. అద్దాల గదిలో, నీలం ప్లాస్టిక్ కవరు కప్పుకుని. రెండేళ్ళలో ఒక్కసారే కవరు తీశారు, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ టీమ్ వచ్చిన రోజు. నన్నూ ఇంకో అమ్మాయినీ ఆప్రాన్లు వేసి పక్కన నిలబెట్టారు. మానిటర్ కూడా ఆన్ చేయలేదు, ఇద్దరం నల్లటి స్క్రీన్ వైపు శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాం. అందుకని "చూశాను సార్" అన్నా. "చార్మినార్ రోజూ చూస్తాం, అంతమాత్రాన కట్టగలమా?" అన్నాడాయన. ఆయన మాట నిజమే, కానీ బస్సులో ఏడుపాగలేదు.

ఇప్పుడు అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ అతను 45,000 ఇస్తే రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ ఇస్తానంటున్నాడు. మా బావ డబ్బు సర్దుతానన్నాడు. లేదంటే మెడికల్ కోడింగ్ (ఆసుపత్రి రికార్డులకు బిల్లింగ్ కోడ్‌లు వేసే పని) నేర్చుకోవాలి. అదీ కాదంటే మాదాపూర్‌లో వాయిస్ ప్రాసెస్ (కాల్ సెంటర్), 17,000, నైట్ షిఫ్ట్, క్యాబ్ ఉంది. అమ్మ రోజూ ఫోన్లో "ఇంకెన్నాళ్ళు బిడ్డా" అంటోంది. ఆ "ఎన్నాళ్ళు" వెనకాల సంబంధాల సంగతి ఉందని నాకు తెలుసు. ఏం చేయమంటారు?

జవాబు 1: క్యూసీ అన్న

చెల్లీ, నేను పటాన్‌చెరు వైపు క్యూసీలో తొమ్మిదేళ్ళుగా చేస్తున్నా. ముందు ఆ 45,000 సంగతి. రెండేళ్ళు పని చేశానంటే పీఎఫ్ కట్టి ఉండాలి. మా హెచ్‌ఆర్ మొదట అడిగేది యూఏఎన్ (పీఎఫ్ నంబరు), సర్వీస్ హిస్టరీ. ఏ కంపెనీలో ఎప్పుడు చేరావు, ఎప్పుడు మానేశావు అన్నీ అందులో కనబడతాయి. అది దాటినా మా దగ్గర దొరికిపోతావు. "అక్కడ ఎంపవర్ వాడారా, ల్యాబ్ సొల్యూషన్సా? ఆడిట్ ట్రెయిల్ ఎక్కడ చూస్తారు?" అని ఆ మెషీన్ల సాఫ్ట్‌వేర్ గురించి, అందులో ఎవరేం మార్చారో చూపే చిట్టా గురించి అడిగితే ఏం చెబుతావు? మేం ఒక అంకె తప్పు రాస్తే వైట్‌నర్ పెట్టడానికి లేదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, సంతకం, తేదీ వేయాలి. కొట్టేసిన అంకె కూడా కనబడాలి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ఎఫ్‌డీఏ వాళ్ళొచ్చి చూసేది ముఖ్యంగా అదే. అలాంటి పనికి దొంగ కాగితంతో వస్తానంటే ఎలా?

రెండోది, నువ్వు లేనిదాన్ని చూపించి ఉన్నదాన్ని దాస్తున్నావు. మా దగ్గర కొత్తవాళ్ళకి మొదటి రోజే హెచ్‌పీఎల్‌సీ ఇవ్వరు. వెట్ ల్యాబ్‌లో వేస్తారు. టైట్రేషన్లు, పీహెచ్, లాస్ ఆన్ డ్రయింగ్, కార్ల్ ఫిషర్‌తో తేమ చూడడం. ఎమ్మెస్సీలో నువ్వు ఎన్ని టైట్రేషన్లు చేసుంటావు? రెజ్యూమెలో పైన అది రాయి. హెచ్‌పీఎల్‌సీ అడిగితే "నడపలేదు సార్, థియరీ తెలుసు" అని చెప్పి, తెలిసి ఉండాలి మరి. మొబైల్ ఫేజ్‌ని (మెషీన్లో పారే ద్రవాన్ని) ఎందుకు వడకడతారు, గాలి ఎందుకు తీస్తారు. బఫర్ (ఉప్పు కలిసిన ద్రావణం) నడిపాక నీళ్ళతో కడగకుండా నేరుగా ఎసిటోనైట్రైల్ అనే ద్రావకం పంపితే కాలమ్‌లో, అంటే పదార్థాలను విడదీసే గొట్టంలో, ఉప్పు ఎలా పేరుకుంటుంది. శాంపిల్ కంటే ముందు స్టాండర్డ్‌ని ఐదారుసార్లు ఎందుకు ఇంజెక్ట్ చేస్తారు, ఆర్‌ఎస్‌డీ (ఆ రీడింగుల మధ్య తేడా) మామూలుగా 2 శాతం దాటకూడదని ఎందుకంటారు. ఇవి చెప్పగలిగిన ఫ్రెషర్ పదిమందిలో ఒకరు కూడా నాకు తగల్లేదు.

జవాబు 2: కోడింగ్ అక్క

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చేసి కోడింగ్‌లోకి వచ్చాను, ఆరేళ్ళయింది. ఉద్యోగం మంచిదే, ఏసీలో కూర్చునే పని. కానీ అనాటమీ మొదటి నుంచి చదవాలి. కోడర్ సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్ష వంద ప్రశ్నలు, నాలుగు గంటలు, 70 శాతం రావాలి. పరీక్ష ఫీజు వేరే, కోచింగ్ ఫీజు వేరే. "జాబ్ గ్యారంటీ" బోర్డు చూసి మాత్రం డబ్బు కట్టకు, అక్కడ చేరి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళతో మాట్లాడి కట్టు. ఇంకో మాట. ఇటు వచ్చాక నేను బెంజీన్ రింగ్ గీసింది మా పాపకి ముగ్గు నేర్పేటప్పుడే. నీకు ల్యాబ్ అంటే ఇష్టమో కాదో నువ్వు రాయలేదు.

జవాబు 3

బావ దగ్గర అప్పు మాత్రం చేయకమ్మా. బ్యాంకు వడ్డీతో వదిలేస్తుంది, బావ ప్రతి పెళ్ళిలో గుర్తు చేస్తాడు.

జవాబు 4: బాలానగర్ పెద్దాయన

అమ్మాయిలను ప్రొడక్షన్‌లో ఎందుకు తీసుకోరంటే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఆడవాళ్ళను రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా పనిలో పెట్టకూడదని ఉండేది. మూడు షిఫ్టుల ప్లాంటులో ఒక మనిషిని పగటికే ఉంచడం వాళ్ళకి తలనొప్పి. ఆ అలవాటు ఇంకా పోలేదు. మా రోజుల్లో ఈ ఊళ్ళో కెమిస్ట్రీ చదివితే బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వైపే చూసేవాళ్ళం. అంజిరెడ్డి గారు కూడా అక్కడ పని చేసినవాడే, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టక ముందు. తర్వాత ఈ చుట్టుపక్కల లేచిన బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థం) కంపెనీల్లో ఐడీపీఎల్ మనుషులు చాలామంది. నువ్వు పెద్ద పేర్ల వాకిన్‌లకే పోతున్నట్టున్నావు. శాంపిళ్ళు పరీక్ష చేసిచ్చే చిన్న టెస్టింగ్ ల్యాబులు బాలానగర్‌లో, నాచారంలో ఉంటాయి. నేరుగా వెళ్ళి అడుగు. జీతం తక్కువే, కానీ మెషీన్ ముట్టుకోనిస్తారు.

మళ్ళీ నేనే

అందరికీ థాంక్స్. అక్కా, మీరడిగిన దానికి: ల్యాబ్ ఇష్టమే. ప్రాజెక్టులో పదార్థాలు విడదీయడానికి గాజు గొట్టంలో కాలమ్ వేసినప్పుడు పసుపు పట్టీ ఒక్కటే విడిగా కిందికి దిగుతుంటే మధ్యాహ్నం అన్నం సంగతి మర్చిపోయి కూర్చున్నా. వాయిస్ ప్రాసెస్ వాళ్ళకి రానని చెప్పేశా. అమ్మని సంక్రాంతి దాకా ఆగమన్నా. "సరే" అంది కానీ గొంతులో సరే లేదు.

క్యూసీ అన్నా, రాత్రి నా ప్రాక్టికల్ రికార్డు తీసి టైట్రేషన్లు లెక్కపెట్టాను, ముప్పై ఒకటి వచ్చాయి. వైట్‌నర్ మచ్చలూ లెక్కపెట్టాను, ఒక్క సాల్ట్ అనాలిసిస్‌లోనే పదకొండు. కార్ల్ ఫిషర్ మా కాలేజీలో లేదు. అడిగితే లేదనే చెబుతా. రెజ్యూమె మార్చి రాశాను. గురువారం నాచారం వెళ్తున్నా, నాలుగు ల్యాబుల అడ్రసులు దొరికాయి.

ఇది టైప్ చేస్తుండగానే కన్సల్టెన్సీ అతను ఫోన్ చేశాడు. నలభై ఐదు వేలు కాస్తా ముప్పైకి దిగింది.