ఒకడా, ఒక్కడా? నియోని తెలుగులో ఏమందాం

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక సందేహం. చిన్నదే, కానీ నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు.

పోయిన ఆదివారం ఇంట్లో 'ది మ్యాట్రిక్స్' పెట్టుకున్నాను. 1999 నాటి సినిమా, ఎన్నోసారి చూస్తున్నానో లెక్క లేదు. అమ్మ పక్కన కూర్చుని గోంగూర తుంచుతోంది. ఇంగ్లీషు సినిమాలు ఆవిడకి పట్టవు. అయినా ఆ నల్ల కోట్లు, నల్ల కళ్లద్దాలు, గోడల మీద పరుగులు చూసి "ఈ అబ్బాయెవరే?" అంది. హీరో అమ్మా, పేరు నియో అన్నాను. "మరి ఆ గుండాయన ఇతని వెనకాల ఎందుకు పడ్డాడు?" "ఇతనే 'ద వన్' అని ఆయన నమ్మకం." "అంటే?"

అంటే. అక్కడ ఆగిపోయాను.

"ఒకడు" అన్నాను ముందు. "ఎవడో ఒకడా? దానికింత హడావిడా?" అంది. సరిచేసుకుని "ఒక్కడు" అన్నాను. "పాపం, తోడెవరూ లేరా?" అంది. రెండుసార్లూ అమ్మ అర్థం చేసుకున్నది తప్పు కాదు, నేను చెప్పిందే తప్పు. మూడోసారి "ఎంపికైనవాడు" అన్నాను. "ఏ కంపెనీలో?" అని గోంగూర గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సినిమా చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. థామస్ యాండర్సన్ పగలు సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామరు, రాత్రి హ్యాకరు. రాత్రి పేరు నియో. మనం చూస్తున్న లోకమంతా యంత్రాలు మన మెదళ్లకు చూపిస్తున్న బొమ్మ అనీ, దాన్ని బద్దలు కొట్టే మనిషి ఒకరు వస్తారనీ ఆ గుండాయన, అంటే మార్ఫియస్ నమ్మకం. ఆ వచ్చే మనిషి పేరే 'ద వన్'. నియో అనే మూడు ఇంగ్లీషు అక్షరాలను అటూ ఇటూ మారిస్తే వన్ అవుతుంది. అంటే జవాబు పేరులోనే పెట్టి, సినిమా అంతా వెతికించారు.

ఈ 'ద' అనేది మనకు లేదు. దాని పని మనం 'ఏ'తో చేయించుకుంటాం. వాడు అంటే ఎవడో, వాడే అంటే ఇక అనుమానం లేదు. కానీ 'ఏ' చేరాలంటే ముందు ఒక మాట కావాలిగా. ఆ మాటే దొరకడం లేదు. మీరంతా ఏమంటారు?

అమీర్‌పేట బాబాయ్: ఒక్కడు అంటే చార్మినార్ సెట్ మీద మహేష్ బాబే గుర్తొస్తాడమ్మా. అది 2003 సంక్రాంతికి వచ్చింది. మీ మ్యాట్రిక్స్ రెండో భాగం, మూడో భాగం కూడా 2003లోనే. ఆ ఏడు ఒక్కళ్లు ఎక్కువైపోయారు.

నల్లకుంట మాస్టారు: అమ్మాయీ, ప్రశ్న బాగుంది. మీ అమ్మగారు ఇంకా బాగున్నారు.

ఒకడు, ఒక్కడు మధ్య తేడా ఒక్క 'క' ఒత్తు. కానీ ఆ ఒత్తు చేసే పని చూడండి. 'ఒకనాడు ఒక రాజు ఉండేవాడు' అంటే ఏ నాడో, ఏ రాజో మనకు పట్టదు. 'ఆయన నన్ను ఒక్కనాడూ మాట అనలేదు' అంటే మొత్తం రోజులన్నీ లెక్కపెట్టి చెబుతున్నట్టు. 'ఒకసారి ఇలా రా' పిలుపు. 'ఒక్కసారి నా మాట విను' బతిమాలడం. కండక్టరు 'ఒక రూపాయి చిల్లర ఇవ్వండి' అంటాడు, మనం జేబు తడుముకుని 'ఒక్క రూపాయి కూడా లేదు బాబూ' అంటాం. ఒత్తు పడిన చోట మనసు నిలబడుతుంది. ఒత్తు లేకపోతే జారిపోతుంది.

నన్నడిగితే 'ఏకైకుడు' అనండి. గంభీరంగా ఉంటుంది.

అమీర్‌పేట బాబాయ్: మాస్టారూ, క్షమించాలి, ఏకైకుడు కుదరదు. కథ ప్రకారమే కుదరదు. రెండో భాగంలో తెల్లగడ్డం ఆయన ఒకాయన వస్తాడు, ఆర్కిటెక్ట్. గోడ నిండా టీవీలు పెట్టుకుని కూర్చుంటాడు. నియోతో ఆయన చెప్పేదేంటంటే, నీకు ముందు ఐదుగురు వచ్చారు, నువ్వు ఆరోవాడివి అని. ఈ వన్ రావడం, తిరుగుబాటు, అంతా యంత్రాలు ముందే లెక్కలో వేసుకున్న వ్యవహారం. ఏకైకుడు ఆరోవాడెలా అవుతాడు?

ఒక సభ్యురాలు: నేనింకా రెండో భాగం చూడలేదు. చాలా థాంక్సండీ.

అమీర్‌పేట బాబాయ్: ఇరవై ఏళ్లు దాటిందమ్మా. దానికి కూడా నాదే తప్పంటే ఎలా.

డబ్బింగ్ తమ్ముడు: నేను కృష్ణానగర్‌లో డబ్బింగ్ మాటలు రాస్తుంటాను అక్కా. మాకు అర్థం కన్నా ముందు పెదాలు. ఇంగ్లీషులో వన్ అనేటప్పుడు పెదాలు గుండ్రంగా చుట్టుకుంటాయి. మన 'ఒ'కి కూడా అంతే. కాబట్టి ఒక్కడు క్లోజప్‌లో హాయిగా కూర్చుంటుంది. మాస్టారి ఏకైకుడికి 'ఏ' దగ్గర పెదాలు సాగుతాయి. స్క్రీన్ మీద ఒక నోరు, స్పీకర్లో ఇంకో నోరు. పైగా ఆర్టిస్టు మైకు ముందు ఏకైకుడు అనలేక మూడు టేకులు తింటాడు.

'కారణజన్ముడు' అని ఎవరైనా అంటారని ఎదురు చూస్తున్నాను. అనేలోపే చెబుతున్నా, ఆరక్షరాలు. హీరో మీద షాట్ పెట్టి, మాట్లాడేవాడు వీపు చూపిస్తుంటే తప్ప పట్టదు.

నేను: తమ్ముడూ, నేనే అందామనుకుంటున్నాను! పట్టినా పట్టకపోయినా ఆ మాట గురించి చెప్పాలి.

మొదటి భాగంలో నియోని ఒరాకిల్ దగ్గరకు తీసుకెళతారు. జోస్యం చెప్పే ఆవిడ అంటే గుహలో, ధూపాల మధ్య కూర్చుంటుందనుకుంటాం. ఈవిడ వంటింట్లో బిస్కెట్లు కాలుస్తుంటుంది. ఆ సీన్ మొత్తంలో 'నేను వన్ కాదు' అన్న మాట నియో నోటి నుంచే వస్తుంది, ఆవిడ జాగ్రత్తగా నోరు జారకుండా చూసుకుంటుంది. నీలో ఆ వరం ఉంది కానీ దేనికోసమో ఎదురు చూస్తున్నట్టున్నావు, వచ్చే జన్మ కోసమేమో అంటుంది. సినిమా చివర్లో నియో చచ్చిపోతాడు. మళ్లీ లేస్తాడు. లేచాకే బుల్లెట్లు గాల్లో ఆగుతాయి. అంటే ఆవిడ చెప్పిన జన్మ అదే. ఇంగ్లీషువాళ్లకు అది సరదా మాటలా వినిపిస్తుంది, మనకు మాత్రం చటుక్కున వెలుగుతుంది. అందుకే కారణజన్ముడు అనే మాట నా నాలుక మీదే ఉంది.

ఇంకో సంగతి. బాబాయ్ చెప్పిన ఆర్కిటెక్ట్ లెక్క ప్రకారం ఈ ఆరుగురూ ఒక పని కోసమే పుట్టారు. వాళ్లలో ఉన్న కోడ్‌ని తిరిగి మూలానికి చేర్చాలి, వ్యవస్థ మళ్లీ మొదలవ్వాలి. నిజంగానే కారణం కోసం జన్మించారు, కాకపోతే ఆ కారణం దేవుడిది కాదు, యంత్రాలది. అప్పుడు కారణజన్ముడు అనేది పొగడ్త కాదు, తిట్టు.

ఆ మాటకు ఒక్కటే బాధ. మన ఊళ్లో ప్రతి ఫ్లెక్సీ మీదా అదే ఉంటుంది. పుట్టినరోజు వస్తే చాలు, గల్లీ నాయకుడు కూడా కారణజన్ముడే.

నల్లకుంట మాస్టారు: అలా మాటలు అరిగిపోతాయమ్మా. 'కర్మ' చూడండి, చేసిన పని అని అర్థం ఉన్న మాటను మనం నుదురు కొట్టుకోవడానికి మిగుల్చుకున్నాం. అదీ ఒక వత్తు తగిలించి 'నా ఖర్మ' అని.

నేను: మాస్టారూ, మీరు సినిమా చూసే మాట్లాడుతున్నారా? మూడో భాగంలో నియో ఒక రైల్వే స్టేషన్‌లో ఇరుక్కుంటాడు. అక్కడ ఒక భారతీయ కుటుంబం కనిపిస్తుంది, రామచంద్రను ఇంగ్లీషులో విరిచినట్టుండే రామ-కాండ్రా అనే తండ్రి, కమల అనే తల్లి, సతి అనే చిన్నపాప. ముగ్గురూ మనుషులు కారు, ప్రోగ్రాములు. కర్మను నమ్ముతావా అని నియో అడిగితే, ఆ తండ్రి అది ఒక మాట అంటాడు, ప్రేమ లాంటి మాట, నేను ఇక్కడ ఏం చేయడానికి ఉన్నానో చెప్పుకునే పద్ధతి అంటాడు. ఇప్పుడు దాన్ని తెలుగులో "మీరు కర్మను నమ్ముతారా?" అని పెడితే హాల్లో సగం మంది నవ్వుతారు.

డబ్బింగ్ తమ్ముడు: 'విధి' పెడతాం అక్కా. ఒరాకిల్ వంటింటికీ స్టేషనుకీ కలిపి ఒకటే విధి. తప్పని నాకూ తెలుసు. నిర్మాతకు తొందర.

ఒక సభ్యురాలు: మరి పేరు? నియో అంటే గ్రీకులో కొత్త అని కదా. మన 'నవ' కూడా అక్కడి చుట్టమే. నవుడు అని పెట్టేస్తే?

నల్లకుంట మాస్టారు: చుట్టరికం నిజమే. కాని మనకు నవ అంటే కొత్త, నవ అంటే తొమ్మిది కూడా. ఒకటి కావలసిన వాడు తొమ్మిదైపోతాడు.

సరే, ఏకైకుణ్ణి వెనక్కి తీసుకుంటున్నాను. బదులుగా ఒకటి అడుగుతాను. మీ సినిమాలో ఆ మార్ఫియస్ ఓడలో ఉన్నవాళ్లందరూ నియోని నమ్ముతారా?

నేను: లేదండీ. మార్ఫియస్ నమ్ముతాడు. సైఫర్ వెటకారం చేస్తాడు. మిగిలినవాళ్లు అటూ ఇటూ. అసలు నియోకే నమ్మకం లేదు.

నల్లకుంట మాస్టారు: అయితే మొసలి నోట్లో కాలు పెట్టిన ఏనుగు మీకు గుర్తు రాలేదా? 'కలడు కలండనెడివాడు కలడో లేడో.' ఉన్నాడు ఉన్నాడని అందరూ అనేవాడు అసలు ఉన్నాడో లేడో అని పోతన గజేంద్రుడి సందేహం. 'ద వన్' అనే మాటకు నాకైతే ఇంతకన్నా దగ్గరిది కనపడలేదు. పేరు చెప్పలేదు, అంకె చెప్పలేదు, అనుమానం మాత్రం చెప్పాడు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. కలడు లోని 'కల' ఉండటం. రాత్రి వచ్చే 'కల' కూడా కలే. రెంటికీ పుట్టుక వేరు, రూపం ఒకటి. ఏది ఉన్నదో ఏది కలో తేల్చుకోలేని మనిషి కథను తెలుగులో చెప్పడానికి భాష ముందే తయారుగా ఉన్నట్టు లేదూ?

డబ్బింగ్ తమ్ముడు: మాస్టారూ, ఈ ఒక్క ముక్క నేను దాచుకుంటున్నాను. ఎక్కడో వాడతాను. మీ పేరు వేయించలేను కానీ చాయ్ పోయిస్తాను.

కరీంనగర్ అక్క: మీరందరు 'డు' పట్టుకొని కొట్లాడుతున్నరు. మా దిక్కు 'ఒక్కలు' అంటం. మొగాయనైనా, ఆడామె అయినా ఒక్కలే. 'ఇంట్ల ఒక్కలే ఉన్నరా?' అని అడుగుతం. 2021ల నాలుగో సినిమా వచ్చింది చూసిన్రా? అండ్ల నియోకు ఎగుర రాదు. ఆయన, ఆయన ప్రేమించిన ట్రినిటి, ఇద్దరు బిల్డింగ్ మీదికెళ్లి దుంకుతే ట్రినిటి ఎగురుతది, ఆయన ఆమె చెయ్యి పట్టుకొని యాలాడుతడు. గప్పుడు మీ ఒక్కడు ఏడికి పోయిండు?

అమీర్‌పేట బాబాయ్: వన్ బై టూ అయిపోయింది, ఇరానీ హోటల్లో చాయ్ లాగా.

నేను: అక్కా, మీ 'ఒక్కలు' చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మన 'డు'లో మగవాడు, కొంచెం తక్కువ మర్యాద రెండూ ముందే కూర్చుని ఉంటాయి. ఇంగ్లీషు వన్‌కి ఆ గొడవ లేదు. అందుకే వాళ్లు నాలుగో సినిమాలో అంత సులువుగా ఆడదాన్ని ఎగిరించగలిగారు. ఒక్కడు అని ముందే కమిట్ అయిన డబ్బింగ్ రచయిత మాత్రం అక్కడ తల పట్టుకోవాలి.

నాకు అర్థమైనంతవరకు చెబుతాను, తప్పయితే దిద్దండి. ఇంగ్లీషులో అందరూ ఒకే మాట వాడారు కదా అని మనం కూడా ఒకే మాట కోసం వెతకడమే పొరపాటు. మార్ఫియస్ ప్రవచనం చెప్పే మనిషి, అతను కారణజన్ముడు అననివ్వండి, ఆ కళ్లద్దాల వెనక నుంచి ఆరక్షరాలు బాగానే పలుకుతాడు. ట్రినిటీ ప్రేమించిన మనిషి, ఆమెకు బిరుదులెందుకు, 'అది నువ్వే' చాలు. ఇక మొదటి భాగం మొదట్లో ఆఫీసు సీన్ ఉంది. ఆలస్యంగా వచ్చినందుకు మేనేజరు నియోని నిలబెట్టి, నీకు రూల్స్ వర్తించవనీ, నువ్వేదో ప్రత్యేకమనీ అనుకుంటున్నావని తిడతాడు. గచ్చిబౌలిలో నా క్యూబికల్ నుంచి చెబుతున్నాను, ఇక్కడ ఆ తిట్టు ఇలా ఉంటుంది: "నువ్వొక్కడివే స్పెషల్ అనుకుంటున్నావా?" అదిగో, ఒక్కడు అనే మాట మొదటిసారి వెటకారంగా మేనేజరు నోట్లోంచి వస్తుంది. తర్వాత అదే నిజమవుతుంది. (సైబర్ టవర్స్ తెరిచింది 1998 నవంబర్‌లో, ఈ సినిమా వచ్చింది 1999 మార్చిలో. మనవాళ్లు అప్పుడప్పుడే ఆ క్యూబికల్స్‌లోకి వెళుతున్నారు.)

రెండో భాగంలో ఆర్కిటెక్ట్ ఆ పొడుగాటి ఉపన్యాసం అంతా ఇవ్వక్కర్లేదు. తెలుగులో ఆయనకు ఒక్క వాక్యం సరిపోతుంది:

"నువ్వు ఒక్కడివి కాదు. ఒకడివి."

నల్లకుంట మాస్టారు: శభాష్. ఒత్తు తీసేస్తే కిరీటం ఊడిపోయింది.

డబ్బింగ్ తమ్ముడు: అక్కా, పెదాలు కూడా కుదురుతాయి.

కరీంనగర్ అక్క: మంచిగుంది గని, నా ప్రశ్నకు జవాబు ఇయ్యలే. నాలుగో సినిమా సంగతేంది?

నేను: నిన్న రాత్రి అమ్మకి నాలుగోదాని చివరి పావుగంట చూపించాను అక్కా, మీ కోసమే. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని దూకారు, ఆమె ఎగిరింది, ఆయన వేలాడాడు. "ఇప్పుడు చెప్పమ్మా, ఒక్కడెవరు? ఆయనా, ఆవిడా?" అన్నాను. అమ్మ నా వైపు జాలిగా చూసింది.

"ఇద్దరూ ఒక్కటయ్యారుగా. ఇంకా ఎవరని అడుగుతావేంటే?"